క్యాంపు తేరు కోసం ఎత్తిన తీగలు

కరెంటు డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరే పిల్లలు ఎవరైనా కలిస్తే నేను ముందుగా చెప్పేది ఒకటే. జనం మనల్ని తలుచుకునేది కరెంటు పోయినప్పుడే. ఉన్నన్నాళ్లూ మనమెవరో వాళ్లకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. పోయిన నిమిషానికల్లా ఫోన్ మోగుతుంది. అవతలి మనిషి హలో కూడా అనడు. "ఎప్పుడొస్తది?" అంటాడు. మద్నూర్‌లో ఉన్న రోజుల్లో ఆ ప్రశ్నే మరాఠీలో అడిగేవాళ్లు. సదాశివనగర్‌లో చేరిన నాటి నుంచి ఎల్లారెడ్డిలో రిటైరయ్యే దాకా, కరెంటు పోయినా ఫోన్ చేయని ఊరంటూ నేను చూడలేదు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి సంగతి చెప్పాలంటే ముందు ఒక తేరు సంగతి చెప్పాలి.

నేను ఎల్లారెడ్డి సెక్షన్‌కు లైన్ ఇన్‌స్పెక్టర్‌గా వచ్చిన కొత్త. టౌను దాటి కాలువ వైపు పోతే ఒక ఊరు, దాన్ని ఆనుకుని ఒక క్యాంపు ఉండేవి. ఊరివాళ్లు తరతరాలుగా ఇక్కడివాళ్లు. క్యాంపువాళ్లు నిజాంసాగర్ నీళ్ల కబురు విని గుంటూరు వైపు నుంచి తాతల కాలంలో వచ్చి, భూములు కొనుక్కుని నిలబడ్డవాళ్లు. ఇక్కడే పుట్టి ఇక్కడే పళ్లూడిన మనిషిని కూడా ఊరివాళ్లు "గుంటూరాయన" అనే అనేవాళ్లు. క్యాంపువాళ్లూ తక్కువ తినలేదు. జన్మలో ఒక్కసారి కూడా చూడని పల్లెను "మా ఊళ్లో" అంటూ మాట్లాడేవాళ్లు.

క్యాంపులో చాలా ఇళ్లు కతోలికులవి. రేకుల షెడ్డే వాళ్ల గుడి. నెలకోసారి కామారెడ్డి నుంచి ఫాదర్ మోటారు సైకిల్ మీద వచ్చి పూజ చేసి వెళ్లేవారు. ఆయన మలయాళీ. తెలుగు పుస్తకంలో నేర్చుకున్నారు కాబట్టి మా అందరికంటే శుభ్రంగా మాట్లాడేవారు. మిగతా ఆదివారాల్లో ఉపదేశి అనే పెద్దమనిషి ప్రార్థన చేయించేవాడు. తమ గుడి ఒక విచారణ కావాలన్నది క్యాంపువాళ్ల కోరిక. విచారణ అంటే ఫాదర్ అక్కడే కాపురం ఉండే గుడి అని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. కాపురం అనకూడదట, నివాసం అనాలట. ఉపదేశి దిద్దాడు.

ఫాదర్ నెలకోసారి వస్తే ఏం తక్కువైందని ఒకరోజు మామ్మను అడిగాను. మామ్మ అంటే క్యాంపులో మొదటి ఇంటి ముసలామె. మీటరు చూడటానికి వెళ్లినా, ఫ్యూజు వేయడానికి వెళ్లినా మజ్జిగ ఇవ్వకుండా పంపేది కాదు. ఆమె భర్త క్యాంపు గుడికి పెద్ద. అంతకుముందు వానాకాలం ఆయనకు ప్రాణం మీదికి వచ్చింది. వాళ్లలో మనిషి పోయేముందు ఫాదర్ వచ్చి, పాపాలు విని, నుదుటి మీద పవిత్ర తైలం పూయాలి. అది లేకుండా పోవడమంటే పెద్ద దిగులు. కబురందుకుని ఫాదర్ బయల్దేరారు గానీ వాగు పొంగి రోడ్డు తెగింది. ఆయన అవతలి గట్టున మోటారు సైకిల్ పట్టుకుని నిలబడ్డారు. ఈయన ఇవతల పోయాడు. "ఫాదర్ వచ్చాడా" అన్నదే ఆఖరి మాటట.

మామ్మ ఇదంతా మజ్జిగలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా చెప్పింది. ఆ తర్వాత ఒక మాట అంది. "నేను పోయేటప్పుడు ఫాదర్ వాగు దాటి రాకూడదు నాయనా. వీధి దాటి రావాలి."

అప్పటికే క్యాంపువాళ్లు షెడ్డుకు ఎదురుగా, మామ్మ ఇంటికి అవతలి వరసలో, ఫాదర్ కోసం ఒక గది కట్టేశారు. మంచం వేశారు. దోమతెర కట్టారు. ఫ్యాను బిగించి నాతో కనెక్షన్ ఇప్పించుకున్నారు. ఫాదర్ మాత్రం లేరు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఖాళీ గదిలో ఫ్యాను ఆదివారం ఆదివారం తిప్పి చూసుకునేవాళ్లు.

అడ్డం వచ్చింది ఊరితో గొడవ. గుడి స్థలం పక్క నుంచి ఊరివాళ్లు పొలాలకు పోయే బాట ఉంది. గుడి పెద్దదైతే బాట మూస్తారని ఊరివాళ్ల అనుమానం, మూయమని క్యాంపువాళ్ల రోషం. కేకలు కామారెడ్డి దాటి బిషప్ గారి దాకా వెళ్లాయి. ఆయన మామ్మనూ ఉపదేశినీ పిలిపించి, గుడి కట్టడం ఎవరికైనా చేతనవుతుందన్నారట. చుట్టూ ఉన్నవాళ్లతో పొసగని చోట ఒక ఫాదర్‌ను తెచ్చి పెట్టలేననీ, మాత పండగకు వచ్చి చూసి అవునో కాదో అక్కడే చెప్తాననీ అన్నారట.

కాబట్టి ఆ ఏడు పండగ ఘనంగా చేయాలనుకున్నారు. ఘనంగా అంటే తేరు. చెక్కతో చేసిన గోపురంలాంటి బండి, చక్రాల మీద, లోపల మాత స్వరూపం, పైన శిలువ, ఒళ్లంతా రంగు కాగితాలు. ప్రతి ఇంటి ముందూ ఆగుతుంది. ఇంటివాళ్లు కొవ్వొత్తి వెలిగించి, తేరు మీద ఉప్పూ మిరియాలూ చల్లుతారు. గుడి ముందు కదిలిన తేరు వెనక్కి నడవకూడదు. చుట్టు తిరిగి అవతలి వైపు నుంచే గుడికి చేరాలి. ఇవన్నీ వాళ్ల ఊళ్లో పద్ధతులు.

తేరు చేసింది క్యాంపులోనే ఉన్న ఒక వడ్రంగి మేస్త్రి. చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని చూసిన తేరును మనసులో పెట్టుకుని చేశాడు. వీధులు కొలిచాడు, మలుపులు కొలిచాడు, చక్రం ఏ గుంతలో పడుతుందో కూడా చూసుకున్నాడు. అందరూ అడ్డం కొలిచారు. ఒక్కరూ తలెత్తి పైకి చూడలేదు. తేరు పూర్తయ్యాక నన్ను పిలిచారు, చూసి సంతోషించమని. నేను చూశాను. తేరు కొన వీధి తీగలకు పైన, ఆకాశంలో ఉంది. బాట మీద అడ్డంగా పోయే ఊరి మోటార్ల లైనుకైతే నేరుగా తగులుతుంది.

కొంచెం కుదించమని మేస్త్రిని అడిగాను.

"మా ఊళ్లో ఇంతేనండి" అన్నాడు.

"మరి మీ ఊళ్లో తీగలకు తగలదా?"

"మా ఊళ్లో ముందు తేరు వచ్చిందండి. తీగలు ఆ తర్వాత వచ్చాయి. చూసుకుని ఎత్తుగానే వేశారు."

ఇక్కడ ముందు తీగలు వచ్చాయి, ఆ తర్వాతే తేరు వచ్చింది.

మా సెక్షన్ ఇంజనీరు ఏఈ సారు కుర్రవాడు, రూలు పుస్తకం తలకింద పెట్టుకుని పడుకునే రకం. ఆయన చాలాసేపు ఆలోచించి, పైనున్న శిలువ ఊడదీసి, తీగలు దాటాక మళ్లీ బిగించుకోమన్నారు. ఆ సలహా నేను క్యాంపులో చెప్పలేదు. నాకింకా సర్వీసు ఉంది. నా జోడీ లైన్‌మన్ ఎల్లారెడ్డి టౌను మనిషి, ముస్లిం, అందరం భాయ్ అనేవాళ్లం. మొహర్రంలో పీర్లు లేస్తే ముందు నడిచి, చీలిన వెదురు కర్రతో తీగలు ఎత్తిపట్టడం ఆయనకు ఏటేటా అలవాటు. ఆయన తేరు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "మన పీర్లే నయం సాబ్, అవసరమైతే వంగుతయి" అన్నాడు.

వీధి తీగల సంగతి భాయ్ చూసుకోగలడు. ఊరి మోటార్ల లైను మాత్రం బంద్ చేయించక తప్పదు. బంద్ చేయించడమంటే సబ్‌స్టేషన్‌కు చెప్పి లైను ఆపించి, నేను మళ్లీ చెప్పేదాకా వేయొద్దని మాట తీసుకోవడం. అది పెద్ద పనేం కాదు. కానీ అప్పట్లో పొలాల మోటార్లకు కరెంటు వంతుల మీద వచ్చేది. పొద్దున క్యాంపు వంతు, పగటేల నుంచి ఊరి వంతు. తేరు కదిలేది ఎండ తగ్గాక, అంటే సరిగ్గా ఊరి వంతులో. పైగా ఆ నెల వానలు మొహం చాటేశాయి. వరి పొట్ట మీద ఉంది. ఒక్క పూట నీళ్లు తప్పినా ప్రాణం గిలగిల్లాడే కాలం.

ఊళ్లో అందరూ మాట వినేది ఒక పటేల్‌ది. తెల్ల మీసాలాయన, మాట తక్కువ. బాట గొడవలో ముందు నిలబడ్డదీ ఆయనే. నేను వెళ్లి సంగతి చెప్తే గడ్డివాము వైపు చూస్తూ విన్నాడు. "వాళ్ల అమ్మ ఊరేగాలంటే మా పొలం ఎండాల్నా?" అని మాత్రం అన్నాడు. నేను ఆ మాటే తెచ్చి క్యాంపులో చెప్పాను. క్యాంపువాళ్లు అన్న మాట తీసుకెళ్లి ఊళ్లో చెప్పలేదు. మధ్యవర్తి అన్నవాడికి కొంత మతిమరుపు ఉండాలి.

చివరికి మామ్మే బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను. పటేల్ వాకిట్లో నులకమంచం అంచున కూర్చుని, క్యాంపు పొద్దుటి వంతు మీరు తీసుకోండి, పగటేల మీ వంతు మాకు వదలండి అంది. క్యాంపు మగవాళ్లను ఒక్కరినీ అడగకుండా ఆ మాట ఇచ్చేసింది. వాళ్ల వరి కూడా పొట్ట మీదే ఉంది. పటేల్ మీసం సవరించుకుని, మంచిదన్నాడు. ఆ మధ్యాహ్నం క్యాంపులో మామ్మతో ఎవరూ మాట్లాడలేదట. మామ్మ కూడా ఎవరితోనూ మాట్లాడకుండా ఉప్పూ మిరియాలూ కలుపుతూ కూర్చుందట.

పండగ రోజు పొద్దున సబ్‌స్టేషన్‌లో లైన్లకు కరెంటు వదిలే బ్రేకరు పాడైంది. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను నేర్చుకున్నది ఏమిటంటే, బ్రేకరుకు పండగలు తెలుసు. ఊరికి ఇస్తామన్న పొద్దుటి కరెంటు చుక్క కూడా రాలేదు. బాగుచేసేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. లైను వేయగానే ఊరి మోటార్లన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. నీళ్ల చప్పుడు బాట దాకా వినిపించింది. ఇంకాసేపట్లో వాటిని నేను ఆపాలి. కాగితం మీద నాకు హక్కు ఉంది. కానీ ఆ రైతుల ముఖం చూసి ఆపే ధైర్యం లేదు. నిజం చెప్తే ఆ బిషప్ గారి మీద, మేస్త్రి మీద, మామ్మ మీద, అందరి మీదా నాకు కోపం వచ్చింది. నన్నెవరూ అడగకుండా నా నెత్తిన తేరు పెట్టారనిపించింది.

సాయంత్రం బిషప్ గారి కారు వచ్చింది. కామారెడ్డి ఫాదర్ పక్కనే ఉన్నారు. పాటలు పాడుతూ తేరు క్యాంపు వీధులు తిరిగి బాట దగ్గరికి వచ్చి ఆగింది. ఎదురుగా, లైను కింద, పటేల్ నిలబడి ఉన్నాడు. వెనక ఊరి రైతులు, చేతులకు ఇంకా బురద. పాట దానంతటదే ఆగిపోయింది. తేరు వెనక్కి నడవదు. ముందుకు పోవాలంటే మోటార్లు ఆగాలి. బిషప్ గారు ఎండకు కళ్లు చిట్లించుకుని అంతా చూస్తున్నారు.

మామ్మ ముందుకు వచ్చింది. ఇచ్చిన మాట తప్పినట్టయిందని, మీ వంతు మీరు వాడుకోండని, మాత ఇక్కడే ఆగుతుందని చెప్పింది. గదిలో ఫ్యానూ దోమతెరా నా కళ్ల ముందు మెదిలాయి. ఇక అంతే అనుకున్నాను.

"కరెంటు గురించి నేను రాలే అక్కా" అన్నాడు పటేల్. "ఒక్క పూటకు వరి సావదు. నేనొకటి అడుగుత. బోనాల నాడు మా పోచమ్మ మీ క్యాంపు మీదికెళ్లే పోతది. నువ్వు ఏటా వాకిట్లకొచ్చి అమ్మ ముంగట నీళ్లారబోస్తవు. నేను సూడలేదా? మరి మీ అమ్మ మా బజార్ల నుంచి ఎందుకు పోదు? మా ఇండ్లు గానరాలేదా మీకు?"

మామ్మ వెనక్కి తిరిగి తేరు వంక చూసింది. తేరు దారి గీసుకున్నప్పుడు ఊరి వీధుల ఊసు క్యాంపులో ఒక్కరికీ తట్టలేదు. ఊరు వద్దంటుందేమోనని భయపడ్డారు గానీ, రమ్మంటుందేమోనని ఎవరూ అనుకోలేదు. చివరికి ఆమె, "పోతుంది అన్నయ్యా. ఎందుకు పోదు?" అంది.

"అయితే బంద్ జేయి తమ్మీ" అన్నాడు పటేల్ నాతో.

నేను లైను బంద్ చేయించాను. మోటార్లు ఆగాయి. నీళ్ల చప్పుడు పోయింది. సంతోషం వాళ్లకు. నాకూ భాయ్‌కూ కొత్త బాధ మొదలైంది. ఊరి బజారు ఇరుకు. ఇంటింటికీ లాగిన సర్వీసు వైర్లు సాలెగూడులా అల్లుకుని ఉంటాయి, కొన్ని బట్టలు ఆరేసుకునేంత కిందికి. ఆ దారి కోసం మేం ఏ ఏర్పాటూ చేసుకోలేదు. ఊరికీ క్యాంపుకూ కలిపి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కూడా బంద్ చేసి, వెదురు కర్రలు పట్టుకుని తేరు ముందు పరుగెత్తాం. ఎత్తగలిగినవి ఎత్తాం, ఎత్తలేనివి విప్పాం. సీరియల్ వచ్చే వేళ. తేరు ఏ వీధిలో ఉందో చూడకుండా ఇంట్లో కూర్చున్న నలుగురైదుగురు ఫోన్ చేసి "ఎప్పుడొస్తది?" అని అడిగారు. "మీ ఇంటి ముందటికే వస్తుంది, బయటికి రండి" అన్నాను. వాళ్లడిగింది కరెంటు గురించని నాకు తెలుసు.

ఊరివాళ్లకు ఉప్పూ మిరియాల సంగతి తెలియదు. వాళ్లకు తెలిసిందే చేశారు. బిందెలతో తేరు ముందు నీళ్లు ఆరబోశారు, పసుపు కుంకుమలు పట్టుకొచ్చారు, తేరు చక్రం ముందు కొబ్బరికాయ కొట్టారు. మొదటి కాయ పగలగానే ఉపదేశి ముఖం తెల్లబోయింది. బిషప్ గారి ముందు మాత తేరుకు కొబ్బరికాయ! కామారెడ్డి ఫాదర్ ఆకాశంలో ఏదో వెతుక్కుంటున్నట్టు పైకి చూశారు. మామ్మ మాత్రం పగిలిన చెక్కలు రెండూ అందుకుని కళ్లకద్దుకుని, చీర కొంగులో వేసుకుని, కొట్టినామె చేతిలో ఉప్పూ మిరియాలూ పోసింది. ఆమె వాటిని గట్టిగానే విసిరింది. సగం తేరు మీద, సగం బిషప్ గారి మీద పడ్డాయి.

బిషప్ గారు కళ్లు తుడుచుకుంటూ నా పక్కకు వచ్చారు. యూనిఫాంలో ఉన్నది నేనొక్కణ్నే కాబట్టి నన్నేదో అధికారి అనుకున్నట్టున్నారు.

"వీళ్లంతా కతోలికులేనా?" అని అడిగారు.

"కాదు సార్. కరెంటు ఇడిసిపెట్టినోళ్లు" అన్నాను.

"మరి మీరు?"

"నేను బంద్ చేసినోన్ని సార్."

ఆయన తల ఊపారు. తేరు వెంట ఊరంతా నడిచారు. కళ్లు ఎర్రగానే ఉన్నాయి. మిరియాల వల్లే అయి ఉంటుంది.

తేరు చుట్టు తిరిగి గుడికి చేరింది. పటేల్ తన పంచె చెంగుతో చక్రానికి అంటిన బురద తుడిచాడు, ఎద్దుల బండి చక్రం తుడిచినంత మామూలుగా. అందరూ బిషప్ గారు ఏమంటారా అని చూస్తున్నారు. ఆయన ప్రసంగమేమీ చేయలేదు. ఫాదర్ గది ఎక్కడుందని అడిగి, చూపిస్తే లోపలికి వెళ్లారు. మంచం మీద చెయ్యి పెట్టి నొక్కి చూశారు. దోమతెర పైకెత్తి చూశారు.

"దోమలు బాగా ఉంటాయా ఇక్కడ?" అన్నారు.

"ఉంటాయండి" అంది మామ్మ. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు.

"అయితే తెర ఉండటం మంచిదే. వచ్చే ఆయనకు దోమలు పడవు."

ఒక విచారణ పుట్టడం నేను చూసింది అంతే. గంటలు మోగలేదు. ఉపదేశి గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. నేను ఫ్యాను వేద్దామని స్విచ్చు నొక్కాను. తిరగలేదు. కరెంటు నేనే బంద్ చేశానని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ తర్వాత ఊరి బజారుకూ క్యాంపు వీధులకూ ఎత్తు స్తంభాలు కావాలని నేను పేపర్లు పెట్టాను. కారణం ఏమని రాయాలని ఏఈ సారు అడిగారు. తేరు అని రాస్తే పైన ఒప్పుకోరు. వాహనాల రాకపోకలు అని రాశాం. తేరుకు చక్రాలు ఉన్నాయి కాబట్టి అది అబద్ధం కాదు. ఇప్పుడు మీరెవరైనా ఆ సెక్షన్‌కు వెళ్తే, ఆ రెండు వీధుల్లోనే స్తంభాలు ఎందుకంత ఎత్తున్నాయని ఆశ్చర్యపోవచ్చు. మార్చాల్సి వస్తే అదే ఎత్తు వేయండి. ఏటా ముందు తేరు ఊరి బజారు తిరుగుతుంది, ఆ తర్వాతే క్యాంపుకు పోతుంది. పోచమ్మ బోనాలకు కూడా ఆ ఎత్తు పనికొస్తోంది.

కొత్త ఫాదర్ వచ్చారు. ఆయనకు నిజంగానే దోమలు పడలేదు. బాట బాటగానే ఉంది.

ఇక ఫోన్ రాని రోజు. నేను రిటైర్ కావడానికి కొద్దిగా ముందు, ఒక మధ్యాహ్నం క్యాంపులో స్తంభం మీద ఉన్నాను. తీగల్ని కలిపే జంపర్ కాలిపోతే ఊరికీ క్యాంపుకూ కలిపి కరెంటు ఆపి, భాయ్ కింద ఉంటే నేను పైన తీగ కడుతున్నాను. ఆ ఎత్తు నుంచి ఫాదర్ గది, మామ్మ ఇల్లు, మధ్యలో వీధి, అన్నీ కనిపిస్తాయి. మామ్మ ఇంట్లో నుంచి కోడలు బయటికి వచ్చి ఒక్క కేక వేసింది. ఫాదర్ గదిలో నుంచి దిగ్గున లేచి వచ్చారు. చెప్పులు వేసుకోలేదు. కుడి చేతికి ఇంకా అన్నం మెతుకులు ఉన్నాయి. పూజప్పుడు మెడలో వేసుకునే పట్టీ, తైలం సీసా ఎడం చేత్తో పట్టుకుని, వాకిట్లో తొట్టిలో చెయ్యి ముంచి, వీధి దాటారు. పట్టుమని పది అడుగులు ఉండదు ఆ వీధి. తడి చేత్తోనే లోపలికి వెళ్లారు.

కాసేపటికి లోపలి నుంచి ప్రార్థన వినిపించింది. ఆ తర్వాత ఏడుపు వినిపించింది. ఫాదర్ లోపలికి వచ్చేసరికి మామ్మ కళ్లు తెరిచే ఉన్నాయనీ, ఆయన తడి చేతిని పట్టుకుని నవ్విందనీ తర్వాత కోడలు చెప్పింది.

నేను స్తంభం దిగి భాయ్ పక్కన కూర్చున్నాను. పటేల్ కర్ర పట్టుకుని బాట మీదుగా వస్తూ కనిపించాడు, వెనక ఊరివాళ్లు. చాలాసేపటి తర్వాత, జంపర్ కట్టడం అయిపోయిందనీ, లైను వేయమని సబ్‌స్టేషన్‌కు చెప్పనే లేదనీ గుర్తొచ్చింది. ఎండాకాలం. ఊరూ క్యాంపూ రెండూ ఫ్యాన్లు లేకుండా ఉడికిపోతున్నాయి. జేబులోంచి ఫోన్ తీసి చూశాను. ఒక్కరూ చేయలేదు.